కొండ దిగే సైకిలు: ఎంపికలో వివేచన

సైకిలు అనగానే మన మనస్సులో మెదిలేది పాలక్యాను తగిలించుకొని తెల్లవారుజామున వీధిలోకి వచ్చే బండి. లేదా క్యారియరు మీద పుస్తకాలు కట్టుకొని కళాశాలకు వచ్చే విద్యార్థి బండి. కాని ఇదే వాహనానికి పాశ్చాత్య దేశాలలో మరొక శాఖ బయలుదేరింది. తొక్కడం దానికి ప్రధానం కాదు. పర్వతం మీది నుండి రాళ్ల మీదుగా, చెట్ల వేళ్ల మీదుగా వేగంగా క్రిందికి దిగడమే దాని పని. దానిని 'డౌన్‌హిల్' సైకిలు అంటారు. దానికి సోదరప్రాయమైనది 'ఫ్రీరైడ్'. ఈ రెండింటి పనిని ఒకే బండితో నెరవేర్చుకొనదలచినవాడు ఎటువంటి దానిని కొనవలెను అన్నది ఈ వ్యాసంలో మేము చర్చించదలచిన విషయం.

సాహిత్య వ్యాసాలకు నిలయమైన ఈ సంచికలో సైకిలు ప్రస్తావన ఎందుకని కళాశాల కమిటీ పెద్దలు ప్రశ్నింపవచ్చును. కారణం ఉన్నది. మా పూర్వ విద్యార్థి ఒకడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పై చదువు ముగించి, వాంకూవరు సమీపంలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ముతో డౌన్‌హిల్ బండి కొనదలచి, "సార్, పోయిన వేసవిలో విస్లర్ కొండకు తరచు వెళ్లినాను. ఇప్పుడు సొంత బండి కావాలి. పందెపు బండి కొననా, ఫ్రీరైడుకు కూడా పనికివచ్చేది చూడనా? అంగడివాడు ఒకటి చెబుతున్నాడు, స్నేహితులు మరొకటి చెబుతున్నారు" అని మాకు వ్రాసినాడు. పాఠం చెప్పేటప్పటి కంటె సైకిళ్ల ముచ్చట చెప్పేటప్పుడు మేము ఎక్కువ ఉత్సాహంగా ఉంటామని విద్యార్థులలో ఒక అపవాదు ఉన్నది. దానిని ఖండించే సాహసం చేయము. మేము కొండల మీద దూకినవారము కాము. చదివినంత, విచారించినంత మేరకు అతనికి చెప్పిన సమాధానాన్నే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు ఈ రెండు క్రీడల పుట్టుకను తెలిసికొనక తప్పదు. ఎందుకంటె బండ్ల స్వభావంలోని భేదం అక్కడి నుండే వచ్చింది.

కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర, 1976 అక్టోబరు 21న కొందరు యువకులు పాత ష్విన్ సైకిళ్లను తీసికొని కొండ దారిని ఎవరు త్వరగా దిగగలరని పందెం వేసికొన్నారు. సుమారు రెండు మైళ్ల దారిలో 1300 అడుగుల దిగుడు. ఆ బండ్లకు బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనే ఉండేది. పెడలు వెనుకకు తొక్కితే పట్టుకొనేది. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్బు వేడెక్కి లోపలి గ్రీసు పొగలై పోయేది. మళ్లీ గ్రీసు నింపితే గాని రెండవసారి దిగడానికి వీలులేదు. మళ్లీ నింపడాన్ని ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు గనుక ఆ దారికి ఆ పేరే స్థిరపడింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ మొదలైన వారి పేర్లు ఆ పందాలతోనే ముడిపడి ఉన్నాయి. 1990లో అమెరికాలోని డురాంగోలో అంతర్జాతీయ సైకిలు సమాఖ్య తొలి ప్రపంచ పర్వత సైకిలు పోటీలు జరిపినప్పుడు డౌన్‌హిల్ కూడా అందులో ఒక అంశమైంది. ఆనాటి నుండి ఈనాటి వరకు దాని సూత్రం ఒక్కటే: ఒకరి తరువాత ఒకరు దిగవలె, ఎవరికి తక్కువ కాలం పడితే వారిది గెలుపు. గడియారమే న్యాయమూర్తి.

ఫ్రీరైడుకు గడియారంతో పని లేదు. అది 1990 దశకంలో బ్రిటిష్ కొలంబియాలో రూపుదిద్దుకొన్నది. వాంకూవరుకు ఉత్తరాన ఫ్రోమ్, సేమూర్, సైప్రస్ అనే మూడు కొండలున్నాయి. ఎడతెగని వర్షం, బురద, కూలిన దేవదారు మ్రానులు. ఆ బురదను దాటడానికి అక్కడివారు దేవదారు బద్దలతో నిచ్చెనల వంటి వంతెనలు కట్టినారు. క్రమంగా ఆ వంతెనలు జానెడు వెడల్పుకు సన్నగిల్లి, మనిషి ఎత్తుకు లేచి, దాటవలసిన అవరోధం కాస్తా ఆటవస్తువై కూర్చున్నది. అదే కాలంలో కామ్‌లూప్స్ ప్రాంతపు కంకర గుట్టల మీద వేడ్ సిమన్స్, రిచీ ష్లే, బ్రెట్ టిప్పీ అనే మువ్వురు దూకుళ్లకు ప్రసిద్ధి కెక్కినారు. 'ఫ్రీరైడ్' అనే మాటను ఒక కంపెనీ తన వ్యాపార చిహ్నంగా ఉంచుకొన్నందున వీరు 'ఫ్రోరైడర్లు' అని మరో పేరు పెట్టుకొనవలసి వచ్చింది. స్వేచ్ఛ అని అర్థం వచ్చే మాటకే కాపలా పెట్టిన వైనం భాషాధ్యాపకులకు కొంత వినోదం కలిగిస్తుంది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, వర్జిన్ అనే చిన్న ఊరి ఎర్రమట్టి కొండల మీద 'రెడ్ బుల్ రాంపేజ్' పోటీ మొదలైంది. తొలి విజేత పైన చెప్పిన వేడ్ సిమన్సే. అక్కడ పోటీదారులు తమ దారిని తామే పారలతో త్రవ్వుకొంటారు. ఏ అంచు మీది నుండి దూకినారు, గాలిలో ఏ విన్యాసం చేసినారు, ఎంత నిబ్బరంగా నేలకు దిగినారు అన్నదానిని బట్టి మధ్యస్థులు మార్కులు వేస్తారు.

ఒకటి కాలానికి లోబడినది, మరొకటి చూపరి కన్నుకు లోబడినది. డౌన్‌హిల్ బండి నేలను వీలైనంతవరకు విడువకూడదు. గాలిలో గడిచిన క్షణం తరచు నష్టమే. ఫ్రీరైడ్ బండి నేలను సుళువుగా విడవవలె. విడిచినప్పుడు చేతికి లొంగవలె. తిరిగి దిగినప్పుడు విరగకూడదు. ఈ మూడు షరతులను మనస్సులో ఉంచుకొంటే అంగడివాడి మాటలలో సగం వాటంతట అవే రాలిపోతాయి.

అంగడివాడు మొట్టమొదట చెప్పేది 200 అనే సంఖ్య. అంటే చక్రం 200 మిల్లీమీటర్ల మేర పైకీ క్రిందికీ కదలగలదని అర్థం. మన సైకిలుకు ఈ కదలిక సున్న. నేటి డౌన్‌హిల్ బండ్లన్నిటికీ ఇంచుమించు అదే కొలత. కనుక ఆ సంఖ్యను బట్టి ఒక డౌన్‌హిల్ బండికీ మరొక డౌన్‌హిల్ బండికీ తేడా తెలియదు. ఉద్యోగార్థులందరికీ ఒకే డిగ్రీ ఉన్నప్పుడు డిగ్రీని చూచి ఎవరిని ఎన్నుకొనగలము?

చూడవలసినది మొదట వెనుక భాగపు పొడవు. పెడలు ఇరుసు నుండి వెనుక చక్రపు ఇరుసు వరకు ఉండే దూరం పందెపు బండ్లలో తరచు 445 మిల్లీమీటర్లో, అంతకు మించో ఉంటుంది. ఆ పొడవు వల్ల రాళ్ల మీద, వేగంలో, బండి తొణకదు. అదే దూరం 430, 435 ఉన్న బండి ముందు చక్రం సులభంగా పైకి లేస్తుంది. చిన్న గట్టు కనబడగానే ఎగరడానికి తోడ్పడుతుంది. పది మిల్లీమీటర్లంటే మన చిటికెన వేలి వెడల్పు కూడా కాదు. అయినా దాని మీద నిలబడినవానికి అది స్పష్టంగా తెలుస్తుందని ఎరిగినవారందరూ చెప్పేదే.

రెండవది వెనుక చక్రం కదిలే మార్గం. ఇటీవలి పందెపు బండ్లలో కీలును చాలా ఎత్తున అమర్చి, గొలుసు దాని మీదుగా పోవడానికి ఒక చిన్న పళ్లచక్రం అదనంగా పెడుతున్నారు. రాయి తగిలినప్పుడు వెనుక చక్రం పైకి మాత్రమే గాక వెనుకకు కూడా జరుగుతుంది గనుక దెబ్బ మెత్తబడుతుంది. వేగానికి ఇది గొప్ప ఉపకారం. కాని బండి క్రుంగిన ప్రతిసారీ దాని వెనుక భాగం సాగుతుంది. సరిగ్గా ఎగరడానికి అదిమిపట్టే సమయంలోనే సాగుతుంది. రెండు పనులకు కావలసిన బండిలో ఈ ఏర్పాటు అక్కరలేదని మా అభిప్రాయం. శుభ్రపరచవలసిన భాగం ఒకటి తగ్గడం అదనపు లాభం.

ఇక ముందు ఫోర్కు. ఈ వివాదమంతా దీని చుట్టూ తిరుగుతున్నది. అసలైన డౌన్‌హిల్ ఫోర్కు మోటారు సైకిలు ఫోర్కు వలె ఉంటుంది: రెండు గొట్టాలు ఫ్రేము తలకాయకు క్రిందా పైనా రెండు చోట్ల బిగించబడి ఉంటాయి. రాక్‌షాక్స్ బాక్సర్, ఫాక్స్ 40 అనేవి ఈ జాతివి. దెబ్బ రెండు చోట్లకు పంచబడుతుంది గనుక ఇది మిక్కిలి దృఢం. అయితే హ్యాండిలును ఒక హద్దు దాటి త్రిప్పితే గొట్టాలు ఫ్రేముకు తగులుతాయి. గాలిలో హ్యాండిలును గిరగిర త్రిప్పే విన్యాసానికి దీనితో వీలులేదు. ఒకే చోట బిగించిన ఫోర్కుకు ఈ అడ్డంకి లేదు. ఫాక్స్ 38, రాక్‌షాక్స్ జెబ్ వంటివి 180 మిల్లీమీటర్ల వరకు, జెబ్ అయితే 190 వరకు కూడా లభిస్తాయి. బరువు కూడా తక్కువ.

"ఫ్రీరైడ్ అంటే ఒకే చోట బిగించిన ఫోర్కే" అని ఒక వర్గం వాదిస్తుంది. ఇది పూర్తిగా నిజం కాదు. రాంపేజ్ కొండల మీద దూకేవారిలో రెండు చోట్ల బిగించిన ఫోర్కుతో దిగేవారు ఎందరో ఉన్నారు. నిలువు అంచు మీది నుండి దూకేవానికి హ్యాండిలు త్రిప్పడం కంటె ముందుభాగం విరగకపోవడం ముఖ్యం. కాబట్టి డౌన్‌హిల్ బండి ఫ్రీరైడుకు పనికిరాదనడం అన్యాయం. రెండు రకాల ఫోర్కులనూ అనుమతించే ఫ్రేము దొరికితే వివాదమే లేదు. అనుమతించే అన్న మాటను గమనించవలె: కంపెనీ వ్రాతపూర్వకంగా ఒప్పుకొనని ఫోర్కును ఫ్రేముకు తగిలిస్తే, విరిగినప్పుడు హామీపత్రం చిత్తు కాగితమే.

అసలు ప్రశ్న ఫోర్కు కాదు, కొండ ఎక్కడం. విస్లర్‌లో మంచు కాలంలో స్కీయింగు కోసం వేసిన తీగదారి కుర్చీలు వేసవిలో సైకిళ్లను పైకి మోస్తాయి. అక్కడ డౌన్‌హిల్ బండి బరువు 16, 17 కిలోలున్నా ఎవరికీ బాధ లేదు. ఫ్రోమ్ కొండకు ఆ కుర్చీలు లేవు. స్వయంగా తొక్కి ఎక్కవలె. క్రిందికి దించిన సీటు, ఏడే పళ్లచక్రాలు గల వెనుక గేరు, అంత బరువు - వీటితో ఎక్కడమంటే నెట్టుకొంటూ నడవడమే. వారానికొకసారి ఫ్రోమ్ ఎక్కదలచినవాడు డౌన్‌హిల్ బండి మాట మరచిపోయి, 170 నుండి 180 మిల్లీమీటర్ల కదలిక, ఒకే చోట బిగించిన ఫోర్కు గల ఫ్రీరైడ్ బండిని తీసికొనవలె. అంగడివాళ్లు ఈ ప్రశ్న అడగరు. తయారీదారులకు మాత్రం ఈ భేదం బాగా తెలుసు. కాన్యన్ కంపెనీ పందానికి 'సెండర్', ఫ్రీరైడుకు 'టార్క్' అని వేరుగా చేసింది. కొమన్‌సాల్ 'సుప్రీమ్', 'ఫ్యూరియస్' అని రెండు పేర్లు పెట్టింది. ఒక్కటే అన్నిటికీ చాలితే రెండింటిని తయారుచేసే ఖర్చు ఎవరు పెట్టుకొంటారు?

మా విద్యార్థి ప్రధానంగా విస్లర్‌కే పోతాడు. కనుక అతనికి డౌన్‌హిల్ బండే తగినదని, కాని పందెపు స్వభావం గలది వద్దని మా నిశ్చయం. వెనుక భాగం పొట్టిగా, కీలు తక్కువ ఎత్తులో, ముందు చక్రం 29 అంగుళాలు, వెనుకది 27.5 అంగుళాలు ఉన్నది చాలు. 2017లో లూర్దులో జరిగిన ప్రపంచ కప్పు పందెంలో 29 అంగుళాల చక్రాలు ప్రవేశించినప్పటి నుండి పెద్ద చక్రానిదే వేగమన్న మాట స్థిరపడింది. కాదనము. అయితే వెనుక పెద్ద చక్రం ఉంటే, నిటారు దిగుడులో శరీరాన్ని వెనుకకు వాల్చినప్పుడు పొట్టివానికి టైరు రాసుకొంటుంది. మా విద్యార్థి పొడగరి కాడు.

ఫ్రేము అల్యూమినియంది చాలు. కార్బను తేలిక, దృఢం కూడా. కాని పదునైన రాయి దెబ్బ తగిలినప్పుడు లోపలి గాయం పైకి కనబడకపోవచ్చును. అల్యూమినియం సొట్ట పడితే కంటికి కనబడుతుంది. పైగా ఆ రెంటి ధరల మధ్య వ్యత్యాసంతో మంచి శిరస్త్రాణం, మంచి టైర్లు వస్తాయి.

స్ప్రింగు సంగతి మాత్రం నిర్లక్ష్యం చేయరానిది. బండిని అమ్మేటప్పుడు అందులో ఉండే స్ప్రింగు ఏదో సగటు మనిషి బరువుకు పెట్టినది. లోహపు చుట్ట స్ప్రింగు మీద అంగుళానికి ఇన్ని పౌండ్లు అని ముద్రించి ఉంటుంది. అది తన బరువుకు సరిపడేదా కాదా అని లెక్క చూచుకొనవలె. పూర్తి దుస్తులతో బండి మీద ఊరక నిలబడినప్పుడు షాకప్సరు తన కదలికలో సుమారు 30 శాతం క్రుంగవలె. దూకుళ్లు ఎక్కువైతే కొంత బిగువుగా ఉంచడం మేలు. లేకపోతే ఎత్తు నుండి దిగినప్పుడు చివరిదాకా క్రుంగి ఇనుము ఇనుముకు కొట్టుకొంటుంది. ఆ దెబ్బ ఫ్రేముకూ మణికట్టుకూ సమానంగా పంచబడుతుంది. గాలి నింపే షాకప్సరు చివరిభాగంలో సహజంగా బిగిసికొంటుంది గనుక దూకేవారిలో చాలమంది దానినే కోరుతారు. లోహపు చుట్ట చిన్న చిన్న రాళ్లను బాగా మ్రింగుతుంది. రెండింటి నడుమ మేము గాలి షాకప్సరు వైపే మొగ్గుతాము. బ్రేకులకు నాలుగు పిస్టన్లు, పళ్లెం వ్యాసం 200 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండవలె. గేర్ల గురించి వ్రాయడానికి ఏమీ లేదు; ఏడు చాలు.

ఇక్కడ ఒక మాటను గురించి చెప్పాలని ఉన్నది. మన ఉర్దూ శాఖలోని మిత్రులు 'షౌక్' అంటారు. మనస్సు దేని మీద లగ్నమై, దాని కోసం కష్టాన్ని లెక్కచేయదో ఆ మక్కువ షౌక్. అదే మాట తెలుగులోకి వచ్చి 'షోకు' అయింది. వస్తూ వస్తూ పదిమంది చూడడానికి చేసికొనే అలంకారమనే అర్థం తెచ్చుకొన్నది. ప్రపంచ కప్పు విజేత ఎక్కిన బండినే కొనవలెనని పట్టుబట్టే కుర్రవానిలో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఆ బండి గడియారంతో పోటీపడే నిపుణుని కోసం, అతని వెంట ఉండే మరమ్మతుదారుల కోసం చేసినది. వారాంతంలో దూకేవాడు దాని మీద వేగంగా దిగుతాడేమో గాని సరదాగా దిగడు. వేగం మీద బ్రతికే బండి నెమ్మదిగా పోయినప్పుడు మొండికేస్తుంది. విస్లర్‌లో 'ఎ-లైన్' అనే ప్రసిద్ధమైన దారి ఉన్నది. అందులోని దిబ్బలు చాలవరకు బల్లల వలె పైన చదునుగా ఉంటాయి. ఎగురుడు చాలకపోయినా మనిషి చదునుమీదనే పడతాడు. నేర్చుకొనేవాని తప్పును ఆ దారి క్షమిస్తుంది. అటువంటి దారికి అటువంటి బండి ఉండవలె.

క్షమింపని చోట్లు కూడా ఉన్నాయి. 2015 రాంపేజ్‌లో పాల్ బాసగోయిటియా అనే ప్రవీణుడు పడి వెన్నెముక దెబ్బతిని, నడక కోసం ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. అతడు అనుభవం లేనివాడు కాడు. అతని బండి నాసిరకంది కాదు. ఈ ఉదాహరణ భయపెట్టడానికి కాదు. బండికి పెట్టే డబ్బులో ఒక భాగాన్ని గడ్డాన్ని సైతం కప్పే శిరస్త్రాణానికి, వెన్నుకవచానికి, మోకాలి తొడుగులకు ముందే వేరుచేసి ఉంచవలెనని మేము పట్టుబట్టడానికి కారణం అది. మిగిలినదానితో బండి కొనవలె; బండి కొనగా మిగిలినదానితో శిరస్త్రాణం కాదు.

మన ఊరి విద్యార్థులు "ఇదంతా కెనడా సంగతి కదా" అనుకొనవచ్చును. మన బజారులో కూడా ముందు ఫోర్కు, వెనుక స్ప్రింగు, లావు టైర్లు గల సైకిళ్లు 'మౌంటెను బైకు' పేరుతో అమ్ముడవుతున్నాయి. కళాశాల ఆవరణ వెనుక గుట్ట మీది నుండి వాటితో దూకే సాహసవంతులను మేము చూస్తూనే ఉన్నాము. అమెరికాలో ఏ.ఎస్.టి.ఎం. సంస్థ ప్రమాణం ఒకటి సైకిళ్లను వాడుక తీవ్రతను బట్టి ఐదు తరగతులుగా విభజిస్తుంది. మూడవ తరగతి బండితో 61 సెంటీమీటర్లకు, నాలుగవదానితో 122 సెంటీమీటర్లకు మించి దూకరాదు. డౌన్‌హిల్, ఫ్రీరైడ్ బండ్లు ఐదవ తరగతివి. పెద్ద కంపెనీల బండ్లకు ఈ అంకె ఫ్రేము మీదనో వెంట ఇచ్చే పుస్తకంలోనో ఉంటుంది. స్ప్రింగు ఉన్నంత మాత్రాన ఏ బండీ ఐదవ తరగతికి చెందదు. వెనుక స్ప్రింగు చూచి ధైర్యం తెచ్చుకొనేవారు ముందు ఆ పుస్తకం తెరిచి చూడవలెనని మనవి. మా విద్యార్థికి కూడా ఇదే చెప్పినాము: అంకె ఐదు కానిదానిని ఎంత చౌకగా ఇచ్చినా ముట్టవద్దు.

చౌక అన్నందుకు వాడిన బండ్ల విషయం కూడా చెప్పవలసి ఉన్నది. కొత్త బండికి వేల డాలర్లు అవుతుంది గనుక ఒకటి రెండు వేసవులు వాడినదానిని కొనడం తెలివైన పనే. కాని వేసవి అంతా అద్దెకు తిరిగిన బండి, పోటీలలో తిరిగిన బండి అయితే అడుగు ముందుకు వేయరాదు. అతుకుల దగ్గర, ఫ్రేము తలకాయ క్రింద, షాకప్సరు బిగించే చోట మట్టి తుడిచి చూడవలె; వెంట్రుక వంటి గీత కనబడితే అది రంగు మీది గీతా, లోహం మీది పగులా అని తేలేవరకు డబ్బు ఇవ్వరాదు.

ఇంత చెప్పినా, కాగితం మీది కొలతలు శరీరానికి తెలియవు. విస్లర్‌లో డౌన్‌హిల్ బండ్లు రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి. సాధారణంగా మే నెల మధ్యలో అక్కడి దారులు తెరుస్తారు. అంతవరకు సొమ్ము బ్యాంకులోనే ఉంచమని, తెరిచిన తరువాత ఒక శనివారం పందెపు రకాన్ని, ఆదివారం పొట్టి వెనుక భాగం గలదానిని అద్దెకు తీసికొని, రెండింటి మీద ఎ-లైనును మూడేసి సార్లు దిగి, ఏ సాయంత్రం చేతులు తక్కువ నొచ్చినవో, ఏ సాయంత్రం మరొకసారి దిగాలనిపించిందో వ్రాయమని అతనికి చెప్పినాము. వ్రాస్తానన్నాడు.